జాగ్రత్త: చేలో దొరికాయంటూ పాత నాణేలు అమ్ముతున్నారు

కావలి, కందుకూరు, ఒంగోలు వైపు పాత నాణేలు కొనే అలవాటున్నవాళ్ళు కాస్త ఓపిగ్గా ఇది చదవండి. పోయిన వేసవిలో నేను 18,500 రూపాయలు పోగొట్టుకున్నాను. అమ్మినవాడి పేరు రాయడం లేదు. అతను నాకు చెప్పింది అసలు పేరని నమ్మకం కూడా లేదు. పేరు మార్చుకున్నా పద్ధతి మార్చడు కాబట్టి అదే చెప్తాను.

మొదట వీడియో వస్తుంది. నల్లరేగడి చేలో మెటల్ డిటెక్టర్ తిప్పుతుంటారు, అది కుయ్యిమంటుంది, చిన్న తాపీతో రెండుసార్లు గీకగానే చిలుమెక్కిన నాణెం బయటపడుతుంది. ఆ తర్వాత ఫోను. "అన్నా, మీలాంటి తెలిసినోళ్ళకే చూపిస్తున్నా" అన్నాడు. నెల్లూరు దగ్గర రైతు కథ ఎత్తాడు. ఆ కథ నిజమే. 18వ శతాబ్దం చివర్లో ఒక రైతు దున్నుతుంటే నాగలికి ఇటుక కట్టడం తగిలింది. పాడుబడ్డ చిన్న గుడి కింద, కుండలో రోమన్ బంగారు నాణేలు. పాత బంగారం కింద అమ్మేస్తే చాలామటుకు కరిగిపోయాయి. మిగిలినవాటిలో రోమన్ చక్రవర్తి హేడ్రియన్‌ది ఒకటి, రాణి ఫాస్టినాది ఒకటి అప్పటి మద్రాసు గవర్నర్ డేవిడ్‌సన్ చేతికి చేరాయి. ఇదంతా నాకు ముందే తెలుసు. తెలియడమే నా కొంప ముంచింది. అసలు కథ చెప్పేవాడు అసలు సరుకే తెస్తాడనుకున్నాను.

పదకొండు నాణేలు, వాటితో పాటు మట్టి పట్టిన ఒక వింత ఇత్తడి వస్తువు ఇచ్చాడు. వంకర గొట్టాలు, మధ్యలో సన్న బెజ్జం. ఉదయగిరి కోట సైనికులది, దిక్కులు చూసుకునే యంత్రమట. ఫోన్‌లో డబ్బు వేస్తానంటే వద్దు, చేతికే ఇవ్వమన్నాడు. అక్కడైనా నాకు బుర్ర వెలగాలి.

ఇంటికొచ్చాక రాత్రంతా నీళ్ళలో నానబెట్టాను. మట్టి కరగలేదు, పొరలు పొరలుగా ఊడింది. జిగురుతో అంటించారు. గోళ్ళరంగు తుడిచే ద్రవంలో దూది ముంచి రుద్దితే పచ్చరంగు దూదికి వచ్చేసింది. భూమిలో ఏళ్ళ తరబడి పట్టిన చిలుము అలా రాదు. (అసలు నాణెం దొరికితే మాత్రం ఏదీ రుద్దకండి. మనవాళ్ళు వెంటనే చింతపండు తెస్తారు, దాంతో నాణెం విలువంతా పోతుంది.) రెండు నాణేలు అయస్కాంతానికి టక్కున అతుక్కున్నాయి, అంటే లోపల ఇనుము, పైన పూత. శాతవాహనుల సీసపు నాణెమని ఇచ్చిన ఏనుగు బొమ్మదానికి అంచు చుట్టూ అచ్చులో పోసినప్పుడు పడే గీత. మూడింటి మీద రాముల వారి పట్టాభిషేకం, వెనక ఈస్టిండియా కంపెనీ పేరు, 1818, అణా. ఈ రకం ఊరూరా తిరుగుతోంది. కంపెనీ దేశమంతటికీ ఒకే తరహా నాణేలు మొదలుపెట్టింది 1835లో. అంతకుముందు మన మద్రాసు వైపు రాగిలో నడిచింది కాసుల లెక్క. 1808 నాటి పది కాసులు, ఇరవై కాసులు ఇప్పటికీ దొరుకుతాయి. వాటి మీద రాముడూ లేడు, అణా అనే మాటా లేదు.

ఇక ఆ దిక్కుల యంత్రం. ఇత్తడి సామాన్లకు మాట్లు వేసే పెద్దాయనకు చూపించాను. ఇటు తిప్పి అటు తిప్పి, "ఇదేంది అబ్బయా, పంపు స్టవ్ బర్నరే కదా. మా అమ్మ రోజూ ఈ బెజ్జంలో పిన్ను గుచ్చేది" అన్నాడు.

తర్వాత వీడియో మళ్ళీ చూశాను. మే నెలలో బీటలు వారిన రేగడి నేల. గడ్డపార దిగడమే కష్టం. అక్కడ తాపీతో రెండు గీకులకే గుంట పడిందంటే ఆ గుంట ముందే తవ్వి పూడ్చారు. మీకు ఇలాంటి వీడియో వస్తే డిటెక్టర్ కూతను వదిలేసి మట్టిని చూడండి.

పోలీసుల దగ్గరికి వెళ్దామంటే ఇంకో చిక్కు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలి. దాచితే దొరికినవాడికి ఏడాది దాకా జైలు పడొచ్చు. నూరేళ్ళు దాటిన నాణెం 1972 చట్టం కింద పురావస్తువు, వాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి. అంటే సరుకు నకిలీదైతే డబ్బు పోతుంది, నిజమైనదైతే టెన్షన్ మొదలవుతుంది. ఈ మాట అతనికి బాగా తెలుసు, అందుకే అంత ధైర్యం. ఫోన్‌లో డబ్బు వేసి మోసపోయినవాళ్ళు వెంటనే 1930కి ఫోన్ చేయండి. నేను చేతికిచ్చాను కాబట్టి నాకా దారీ లేదు.

నెల తిరక్కుండా మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి బియ్యాన్ని లాగే రాగి చెంబు, రైస్ పుల్లింగ్ అట, అడ్వాన్సు రెండు లక్షలు. బియ్యానికి ఇనుప రజను పట్టించి అయస్కాంతంతో లాగించే పాత నాటకం అది. ఫోన్ పెట్టేశాను.

బర్నర్ ఆ పెద్దాయన అడిగితే ఇచ్చేశాను. పిన్ను ఇంకా వాళ్ళింట్లో ఉందట.