మూడేళ్లు వాడిన ఇంటి బొమ్మలు: నిలిచినవి, పురుగు పట్టినవి

మా అబ్బాయికి ఆరు నెలలు నిండినప్పుడు మొదలుపెట్టాను. ఇప్పుడు వాడికి నాలుగో ఏడు నడుస్తోంది. పట్టుకుని చూసేవి, ఊపితే మోగేవి, పిసికేవి, ఒంపి మళ్లీ నింపేవి, అన్నీ కలిపితే ఈ మూడేళ్లలో ఇరవైకి పైగా చేసి ఉంటాను. వీటినే ఇప్పుడు సెన్సరీ బొమ్మలు అంటున్నారు. ఇవాళ్టికి మిగిలినవి నాలుగు.

మొదట్లో నాకు తట్టని సంగతి ఒకటుంది. వంటింటి సరుకుతో చేసిన బొమ్మకు వంటింటి సరుకు గుణమే ఉంటుంది. చెమ్మ తగిలితే పాడవుతుంది, పురుగు పడుతుంది, వాసన కొడుతుంది. మాది విజయవాడ. ఇక్కడి ఎండలో ఏది చేసినా నిలుస్తుంది, వానలు పడ్డాయా, సగం చెత్తబుట్టకే. ఊరగాయ జాడీని ఎంత జాగ్రత్తగా చూసుకుంటామో వీటినీ అలాగే చూసుకోవాలి. ఖర్చు లేదన్న మాట నిజమే కానీ, చాకిరీ లేదని మాత్రం అనుకోవద్దు.

ముందుగా గిలక సీసాలు. మొదటిది పల్చటి నీళ్ల సీసాలో పెసలు పోసి చేశాను. వాడు పళ్లు వచ్చే వయసులో దాన్ని కొరికి కొరికి సొట్టలు పెట్టాడు. మూత బిగించి జిగురు వేశాను కదా అని ధీమాగా ఉన్నాను. రెండో నెలలో ఒక రోజు మూత నా చేతిలోకే ఊడి వచ్చింది. ఆ తర్వాత మందపాటి ప్లాస్టిక్ డబ్బాలే వాడాను. మూత లోపలి మరకు జిగురు పూసి, బయట గట్టి టేపు నాలుగు చుట్లు చుట్టి, వారానికోసారి నేనే గట్టిగా లాగి చూసేదాన్ని. చప్పుడు విషయానికొస్తే రాగులు వాన పడుతున్నట్టు సన్నగా వినిపిస్తాయి, చింతపిక్కలు రాళ్లలా మోగుతాయి. మా వాడికి రాగుల డబ్బా అంటేనే ఇష్టం. ఏటికొప్పాక లక్క గిలక ఒకటి కొన్నాం. అంకుడు కర్రతో చేసినది, నునుపుగా, చేతికి ఎంతో హాయిగా ఉంటుంది. పోటీ పెడితే అందంలో అదే గెలుస్తుంది, వాడి చేతిలో ఎక్కువసేపు ఉన్నది మాత్రం రాగుల డబ్బా.

నూనె సీసా నేను ఊహించని ఆట చూపించింది. సగం రంగు నీళ్లు, సగం కొబ్బరి నూనె. ఊపితే రెండూ కలిసినట్టే కలిసి మళ్లీ విడిపోతాయి. డిసెంబరులో ఒక పొద్దున చూస్తే పైనున్న నూనె తెల్లగా గడ్డకట్టి ఉంది. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గర పేరుకుంటుంది కదా. వాడు సీసా తిప్పి చూసి, నా ముఖం చూసి, మళ్లీ సీసా చూశాడు. ఎండలో పెడితే పది గంటలకల్లా కరిగింది. ఆ చలికాలమంతా మాకు ఉదయం పని అదే. ఇదే ఊపులో బంతిపూల రేకులు నీళ్లలో వేసి ఇంకో సీసా చేశాను. నాలుగో రోజుకు నీళ్లు గోధుమరంగుకు తిరిగాయి. మూత తీసినప్పుడు వచ్చిన వాసన గురించి రాయకపోవడమే మేలు.

బియ్యం తొట్టి దగ్గర ఇంట్లో చిన్న యుద్ధమే జరిగింది. బియ్యానికి నిమ్మరసంలో కలిపిన మిఠాయి రంగు పట్టించి, చాప మీద ఆరబెట్టి, టబ్బులో పోశాను. వాడు అందులోకి దిగి నిలబడ్డాడు. మా అత్తయ్య చూసి, "అమ్మాయ్, తినే బియ్యాన్ని కాలితో తొక్కిస్తావా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే నాకూ లోపల గుచ్చుకుంటూనే ఉంది. చివరికి ఒప్పందం కుదిరింది. మంచి బియ్యం ముట్టుకోకూడదు, నూకలు వాడుకోవచ్చు, రంగు వేయకూడదు, ఆట అయ్యాక అవి పిచ్చుకలకు వెళ్లాలి. కాళ్లు పెట్టకుండా చేతులతోనే ఆడించాలి. ఆషాఢం దాటేసరికి నూకలకు పురుగు పట్టింది. వేపాకు వేసి చూశాం, కొంత ఆగింది. ఇప్పుడు వానాకాలంలో ఆ తొట్టి తీయను.

ఒక తప్పు మాత్రం దాచకుండా చెప్పాలి. వాడికి ఇరవై నెలలప్పుడు జల్లెడలో బొబ్బర్లు పోసి ఇచ్చి, పక్కనే కూర్చున్నాను. ఫోను మోగితే తల తిప్పాను, అంతే. ఒక గింజ ముక్కులోకి పోయింది. పప్పుగింజ తడి తగిలితే ఉబ్బుతుంది, ఆలస్యమైన కొద్దీ బిగుసుకుంటుంది. నేను వేలు పెట్టి కెలకకుండా డాక్టరు దగ్గరికి పరుగెత్తడం ఒక్కటే ఆ రోజు చేసిన మంచిపని. బొమ్మల భద్రత పరీక్షల్లో చిన్న ముక్కలను కొలిచే గొట్టం ఒకటి ఉంటుంది, దాని వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. అందులో పట్టేది ఏదైనా మూడేళ్లలోపు పిల్లలకు ఇవ్వకూడదని లెక్క. అట్టముక్కతో ఆ కొలతకు గొట్టం చుట్టి, ఇంట్లో వస్తువులన్నీ వేసి చూశాను. చింతపిక్క, గవ్వ, బొత్తాం, శనగ, అన్నీ జారిపడ్డాయి. ఆ రోజే విడి గింజలన్నీ పై అరలోకి ఎక్కాయి.

నీళ్లలో ఉబ్బే రంగు పూసలు కూడా ఎవరో సిఫారసు చేశారు. తేలేదు. మింగితే కడుపులోకి వెళ్లాక కూడా ఉబ్బి పేగుకు అడ్డుపడతాయి. 2023 చివర్లో అమెరికాలో అమెజాన్, వాల్‌మార్ట్, టార్గెట్ పిల్లల ఆటవస్తువులుగా వాటిని అమ్మడం మానుకున్నాయి. జారుడుగా ఉండేదే కావాలనుకుంటే నానబెట్టిన సబ్జా గింజలు చాలు. పళ్లెంలో పోసి వేళ్లు ముంచనిస్తే అరగంట గడుస్తుంది. చీమలు రాకముందే తీసేయాలి.

పిండిముద్ద రెండు రకాలుగా చేశాను. పచ్చి మైదా, ఉప్పు, నూనె కలిపినది రెండో రోజుకే చేతికి అంటుకుంది. ఒక కప్పు మైదాకు అర కప్పు ఉప్పు, కప్పు నీళ్లు, రెండు చెంచాల నిమ్మరసం, చెంచా నూనె కలిపి సన్న సెగ మీద ముద్దయ్యేదాకా తిప్పితే మూడు వారాలు నిలిచింది, అదీ ఫ్రిజ్‌లో పెట్టబట్టి. ఉప్పు ఇంత ఉంటుంది కాబట్టి ప్రతిదీ నోట్లో పెట్టుకునే వయసులో ఇది వద్దు. మేము రెండున్నర ఏళ్ల తర్వాతే మొదలుపెట్టాం. పసుపు కలిపిన ముద్దతో ఆడి సబ్బుతో చేతులు కడుక్కుంటే అరచేతులు ఎర్రబడ్డాయి. వాడు రక్తం అనుకుని గుక్కపట్టి ఏడ్చాడు. అత్తయ్య నవ్వి, పారాణి ఇలాగే వస్తుందని చెప్పి, తన చేతికీ పసుపు రాసుకుని సబ్బుతో రుద్ది చూపించారు. మర్నాటి నుంచి ముద్ద కంటే చేతులు కడుక్కోవడమే పెద్ద ఆట.

గుడ్డ పుస్తకం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, అన్నింటికంటే మన్నింది అదే. మంగళగిరి నేత చీర గంజి ముక్క, తువ్వాలు, వెల్వెట్ జాకెట్ చేయి, గోనె. గోనె పీచు రాలుతోందని విప్పేశాను, జరీ అంచు గీరుకుంటోందని లోపలికి మడిచి కుట్టాను. బొత్తాల బదులు గుడ్డతోనే ముడులు వేశాను. గంజి ముక్క నలిపితే వచ్చే చప్పుడు ఉతికినప్పుడల్లా పోతుంది, మళ్లీ గంజి పెడితే వస్తుంది.

మా చెల్లెలి పాపకు ఇప్పుడు ఏడో నెల. గుడ్డ పుస్తకం వేడినీళ్లలో ఉతికి ఆరేసి పంపాను, రాగుల డబ్బా కొత్తది చేసి పంపాను. అత్తయ్య గింజలు కొలిచే ఇత్తడి సోల, గిద్ద మాత్రం ఇవ్వలేదు. అవి నేను చేసినవి కావు, బొమ్మలూ కావు, అయినా మిగిలిన నాలుగింటికంటే వాడు రోజూ అడిగేది వాటినే. నాలుగు గిద్దల నూకలు పోస్తే సోల నిండుతుందని వాడికి బాగా తెలుసు. తెలిసి కూడా ప్రతిసారీ ఐదోది పోస్తాడు. చాప మీద పడినవి చేటలోకి ఎత్తుకుని, మళ్లీ మొదటి గిద్ద దగ్గరికి వస్తాడు.