ఇన్‌స్టాగ్రామా, యూట్యూబా, ఫేస్‌బుక్కా: బ్లాగుకి ఏది మేలు, ఆన్‌లైన్ అమ్మకానికి ఏది మేలు?

కొత్తగా బ్లాగు మొదలుపెట్టినవాళ్లూ, ఇంట్లోనే ఏదో ఒకటి తయారుచేసి ఆన్‌లైన్‌లో అమ్ముకునేవాళ్లూ ముందుగా అడిగేది ఒకటే: "ఎక్కడ పోస్ట్ చెయ్యాలి?" జవాబు దొరికేలోపే చాలామంది అన్నిచోట్లా అకౌంట్లు తెరిచేస్తారు. రెండు నెలలు అన్నిట్లోనూ ఒకే ఫొటో, ఒకే మాట పెడతారు, మూడో నెలకి ఓపిక అయిపోయి అన్నీ వదిలేస్తారు. నాకు ఇది చూస్తే నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే వాళ్లలో చాలామంది రాసేది బాగుంటుంది, అమ్మే వస్తువూ బాగుంటుంది.

నేను మొక్కల పెంపకం మీద బ్లాగు రాస్తాను. మొదట్లో నేను చేసిందీ అదే. ఒకసారి కుండీ మార్చడం మీద 30 సెకన్ల రీల్ పెడితే అది ఎందుకో బాగా పాకింది. ఆ రాత్రి ఫోన్ పక్కన పెట్టలేకపోయాను, లైకులు, గుండె గుర్తులు, ఎవరెవరో కొత్తవాళ్లు, నోటిఫికేషన్లు వస్తూనే ఉన్నాయి. పొద్దున్నే బ్లాగు లెక్కలు తెరిచి చూస్తే, ఆ రీల్ చూసి బ్లాగు దాకా వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. అదే సమయంలో, ఏడాది కిందట యూట్యూబ్‌లో పెట్టి నేనే మర్చిపోయిన ఒక మామూలు వీడియో, వేరు కుళ్లిన మొక్కని ఎలా బతికించుకోవాలో చెప్పేది, రోజూ కొంతమందిని బ్లాగుకి పంపుతూనే ఉంది.

అప్పట్నుంచి, ఎక్కడ ఎంతమంది జనం ఉన్నారన్న లెక్క పక్కన పెట్టి వేరే మూడు సంగతులు చూడటం మొదలుపెట్టాను. అక్కడికి జనం ఊరికే చూసుకుంటూ పోవడానికి వస్తారా, ఏదైనా వెతుక్కుంటూ వస్తారా? పెట్టిన పోస్ట్ ఎన్నాళ్లు బతుకుతుంది? నొక్కితే నేరుగా మన దగ్గరకు వచ్చే దారి ఉందా? ఈ మూడింటికీ జవాబు తెలిస్తే ఎంపిక సగం అయిపోయినట్టే.

ముందు ఇన్‌స్టాగ్రామ్. 2010లో ఫొటోల యాప్‌గా వచ్చింది, 2012లో ఫేస్‌బుక్ కొనుక్కుంది, 2016లో స్టోరీలు, 2020లో రీల్స్ చేరాయి. రీల్స్ వచ్చాక ఒక మంచి జరిగింది: మనల్ని ఫాలో అవ్వనివాళ్లకి కూడా మన వీడియో చూపిస్తుంది, కాబట్టి నిన్నగాక మొన్న వచ్చినవాళ్లకి కూడా అవకాశం ఉంటుంది. కానీ బ్లాగు రాసేవాళ్లకి ఇక్కడ పెద్ద చిక్కుంది. పోస్ట్ కింద క్యాప్షన్‌లో లింక్ రాస్తే అది ఉత్త అక్షరాలే, నొక్కితే ఏమీ తెరుచుకోదు. చూసేవాళ్లు దాన్ని గుర్తుపెట్టుకుని, యాప్ లోంచి బయటికొచ్చి, బ్రౌజర్‌లో టైప్ చెయ్యాలి, అంత శ్రమ ఎవరూ పడరు. నొక్కితే పనిచేసే లింక్ కావాలంటే ప్రొఫైల్ పైనుండే పరిచయంలో, అంటే బయోలో పెట్టుకోవాలి (2023 నుంచి అయిదు దాకా పెట్టనిస్తున్నారు), లేదంటే స్టోరీలో స్టిక్కర్‌గా పెట్టాలి, ఆ స్టోరీయేమో 24 గంటల్లో పోతుంది. జనాన్ని తనలోనే ఉంచుకోవాలన్నది ఆ యాప్ తీరు. చదివించడానికి జనాన్ని బయటికి రప్పించాల్సిన బ్లాగరు ఏటికి ఎదురీదుతున్నట్టే.

అదే అమ్మేవాళ్ల సంగతి వేరు. నాకు తెలిసిన ఒకావిడ చేత్తో చెవిపోగులు చేసి అమ్ముతుంది. ఆమె వీడియోలో పెద్ద హంగేమీ ఉండదు, కిటికీ దగ్గర కూర్చుని పోగుని వేళ్ల మధ్య పట్టుకుని వెలుతురులో ఇటూ అటూ తిప్పుతుంది, తర్వాత చెవికి పెట్టుకుని తల కొంచెం ఊపుతుంది. ఎంత పొడుగుందో, ఎంత ఊగుతుందో, రంగు అసలు ఎలా ఉందో ఆ పది సెకన్లలో తెలిసిపోతుంది. కింద "ఇది ఇంకా ఉందా?" అని కామెంట్ వస్తుంది, ఆమె మెసేజ్ పెడుతుంది, అమ్మకం అక్కడే జరిగిపోతుంది. లింక్ నొక్కాల్సిన పనే లేదు. ప్రొఫైల్ పైన మూడు పోస్టులు పిన్ చేసి ఉంచింది: ఆర్డర్ ఎలా ఇవ్వాలి, పార్సిల్ ఎన్ని రోజుల్లో వస్తుంది, విరిగి వస్తే ఏం చేస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ల అనుమానం సగం అక్కడే తీరిపోతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, ఆమె ధర దాచదు. "ధర కోసం మెసేజ్ చెయ్యండి" అని రాసేవాళ్లని చూస్తే నాకు వాళ్ల చెయ్యి పట్టుకుని ఆపాలనిపిస్తుంది. అడగడానికి మొహమాటపడి వెళ్లిపోయేవాళ్లు మనకి కనపడరు, అందుకే ఎంత నష్టమో తెలీదు.

ఇక యూట్యూబ్. 2005లో మొదలైంది, మరుసటి ఏడాదే గూగుల్ చేతికి వెళ్లింది. దీన్ని వీడియోల చోటు అనడం కన్నా, వీడియోలతో జవాబు చెప్పే వెతుకులాట యంత్రం అనడం సరిగ్గా ఉంటుంది. జనం ఇక్కడ కాలక్షేపం చేస్తారు, నిజమే, కానీ అదే జనం ఏదో పాడైతే, ఏదో తెలియకపోతే, ఏదైనా కొనబోతే ఇక్కడికే వచ్చి వెతుకుతారు. అందుకే ఇక్కడ పేరు పెట్టడం చాలా ముఖ్యం. "నా చిట్టి తోటలో ఒక రోజు" అని పేరు పెడితే నేను తెలిసినవాళ్లే చూస్తారు. "ఆకులు పసుపు రంగులోకి మారితే ఏం చెయ్యాలి" అని పెడితే, ఆ కష్టంలో ఉండి నా పేరు కూడా వినని మనిషి రెండేళ్ల తర్వాతైనా వచ్చి చూస్తాడు. మామూలు వీడియో కింద డిస్క్రిప్షన్‌లో పెట్టిన లింక్ నొక్కితే తెరుచుకుంటుంది కూడా. షార్ట్స్‌లో మాత్రం అలా కుదరదు, 2023 ఆగస్టు నుంచి వాటి డిస్క్రిప్షన్‌లో, కామెంట్లలో లింకులు నొక్కినా పనిచెయ్యవు, కాకపోతే షార్ట్ నుంచి మీ పొడుగు వీడియోకి దారి పెట్టుకోవచ్చు. బ్లాగుకి జనం కావాలంటే షార్ట్స్ మీదే ఆధారపడకండి.

యూట్యూబ్‌లో కష్టమల్లా పనే. ఒక్క వీడియోకి మాట రాసుకోవాలి, తియ్యాలి, శబ్దం సరిచూడాలి, కోసి అతకాలి, నాకైతే రెండు సాయంత్రాలు పోతాయి. చాలామంది ఈ శ్రమంతా ప్రకటనల డబ్బు కోసం పడతారు, దానికి 1,000 మంది సబ్‌స్క్రైబర్లూ, 12 నెలల్లో 4,000 గంటల వీక్షణా ఉండాలి (లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కి కోటి వ్యూలు). బ్లాగున్నవాళ్లు ఆ గీత వైపే చూస్తూ కూర్చోవద్దని నా మాట. 200 మందే చూసిన వీడియో పదిమంది మంచి చదువరుల్ని తెచ్చినా అది తన పని తాను చేసినట్టే.

కెమెరా ముందుకు రావడం ఇష్టం లేదు, పైగా మీ విషయం కంటితో చూసి ఇష్టపడేది, అంటే చేతిపనులు, ఇంటి అలంకరణ, మొక్కలు లాంటిది అనుకోండి, బొమ్మలు వెతుక్కుని దాచుకునే పిన్‌టరెస్ట్ ప్రయత్నించండి. అక్కడికీ జనం వెతుక్కుంటూనే వస్తారు, బొమ్మ నొక్కితే నేరుగా మీ పేజీకే వెళ్తారు, పాత పిన్నులు (అక్కడి పోస్టులు) కూడా చాలాకాలం తిరుగుతూ ఉంటాయి. నిలువుగా, 2:3 కొలతలో బొమ్మ చేసుకుంటే చాలు. పన్నుల గురించో చట్టాల గురించో రాసేవాళ్లకి మాత్రం అది అంతగా పనికిరాదు.

ఫేస్‌బుక్ విషయంలో పేజీ వేరు, గ్రూపు వేరు. పేజీ పెట్టి వందలమందిని చేర్చుకున్నా పోస్ట్ పెడితే కొద్దిమందికే చేరుతోందని బాధపడేవాళ్లు చాలామంది ఉన్నారు. అది వాళ్ల తప్పు కాదు, 2018 జనవరిలో ఫేస్‌బుక్ అధినేత మార్క్ జుకర్‌బర్గ్ స్వయంగా చెప్పాడు, ఫీడ్‌లో ఇకపై స్నేహితులు, కుటుంబం, గ్రూపుల పోస్టులు ఎక్కువ కనిపిస్తాయి, వ్యాపారాల పోస్టులు తగ్గుతాయి అని. కాబట్టి పేజీని చిరునామా పలకలా ఉంచుకుని, సమయం గ్రూపుల్లో పెట్టడం మేలు. అయితే గ్రూపులోకి వెళ్లగానే లింక్ పడేసి రావడం కాదు, అక్కడ అడిగిన ప్రశ్నకి అక్కడే పూర్తిగా జవాబు రాయండి. ఇలా ఒక నెల చేస్తే, అడగకుండానే మీ పేరు నొక్కి చూసేవాళ్లు తయారవుతారు. నెమ్మదైన దారే, కానీ అలా వచ్చినవాళ్లు నిలబడతారు.

ఎక్స్, అంటే 2023 దాకా ట్విట్టర్ అని పిలిచినది, వార్తల మీద, టెక్నాలజీ మీద రాసేవాళ్లకి బాగుంటుంది, మిగతావాళ్లకి పోస్ట్ ఆయుష్షు మరీ తక్కువ. ఉద్యోగ, వ్యాపార పరిచయాలకి వాడే లింక్డ్‌ఇన్ వస్తువులు అమ్మడానికి కాదు గానీ, శిక్షణ, డిజైన్, సలహా లాంటి సేవలు కంపెనీలకు అమ్మేవాళ్లకి మిగతా అన్నిటికన్నా అదే నయం.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ అద్దె కొంపలే. వైన్ అనే చిన్న వీడియోల యాప్ మీద పేరు తెచ్చుకున్నవాళ్లు ఎంతోమంది ఉండేవారు, 2017 జనవరిలో అది మూతపడింది. ఫేస్‌బుక్ లాగే గూగుల్ నడిపిన గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో పోయింది. అంతదాకా ఎందుకు, 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ కలిసి దాదాపు ఆరు గంటలు ఆగిపోయాయి, ఆ మూడింటి మీదే వ్యాపారం నడిపేవాళ్లకి ఆ పూట ఎంత టెన్షనో ఊహించుకోండి. అందుకే ఎక్కడ పోస్ట్ పెట్టినా, వచ్చినవాళ్లలో ఇష్టపడినవాళ్ల పేర్లు మన దగ్గర ఒక జాబితాలో ఉండాలి.

జాబితాకి వాట్సాప్ మేలా, ఈమెయిల్ మేలా? అమ్మేవాళ్లకి వాట్సాప్, సందేహం లేదు, ఎందుకంటే జనం దాన్ని తెరిచి చూస్తారు, అక్కడికక్కడే జవాబిస్తారు. కాకపోతే ఒకే మెసేజ్ అందరికీ విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందే పడతారు, అదీ మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. 2023లో వచ్చిన ఛానల్స్‌కి ఆ ఇబ్బంది లేదు, ఫాలో అయ్యేవాళ్ల నంబర్లు ఒకరికొకరికి కనపడవు కూడా. కానీ ఛానల్ ఉన్నదీ అద్దె కొంపలోనే. బ్లాగుకి మాత్రం నా ఓటు ఈమెయిల్‌కే. కంపెనీ మార్చినా జాబితా మనతో వస్తుంది, పొడుగు వ్యాసం చదివే ఓపికతో తెరిచేది ఈమెయిలే. అయితే అడగకుండా ఎవర్నీ చేర్చొద్దు, వద్దనుకున్నవాళ్లు ఒక్క నొక్కుతో వెళ్లిపోయేలా ఉంచండి. పెద్ద ఎత్తున మెయిళ్లు పంపేవాళ్లకి జీమెయిల్, యాహూ 2024లో దీన్ని తప్పనిసరి చేశాయి, చిన్నవాళ్లకైనా అదే మర్యాద.

కాబట్టి నా తీర్పు ఇది. బ్లాగైతే యూట్యూబ్ లేదా పిన్‌టరెస్ట్, దాని వెనక ఈమెయిల్. కంటికి ఇంపైన వస్తువులైతే ఇన్‌స్టాగ్రామ్, దాని వెనక వాట్సాప్. కంపెనీలకు సేవలు అమ్మితే లింక్డ్‌ఇన్, ఈమెయిల్. బూస్ట్ చేయడానికి, అంటే పోస్ట్‌ని ఇంకా ఎక్కువమందికి చూపించడానికి, డబ్బు పెట్టాలనుకుంటే, డబ్బు లేకుండానే బాగా నడిచిన పోస్ట్ మీదే పెట్టండి, నడవని పోస్ట్‌ని డబ్బుతో లేపాలని చూడకండి.

ఎంచుకున్నది పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి ఆరు నెలలైనా ఇవ్వండి, ఈలోపు లెక్క మాత్రం మొదటి రోజు నుంచే ఉండాలి. నేను ఎక్కడ లింక్ పెట్టినా దాని చివర యూటీఎమ్ తోక (ఆ లింక్ ఎక్కడ పెట్టామో చెప్పే నాలుగు మాటలు) తగిలిస్తాను, ఏ పోస్ట్ నుంచి ఎంతమంది వచ్చారో అనలిటిక్స్‌లో, అంటే బ్లాగు లెక్కల్లో, విడివిడిగా కనిపిస్తుంది. చెవిపోగుల ఆవిడకి ఇవేవీ అక్కర్లేదు. ఆర్డర్ ఇచ్చిన ప్రతి మనిషినీ "మమ్మల్ని ఎక్కడ చూశారండీ?" అని అడుగుతుంది, ఆర్డర్ల పుస్తకంలో పేరు పక్కనే ఒక్క అక్షరం వేసుకుంటుంది: ఇన్‌స్టాకి ఇ, వాట్సాప్‌కి వా, ఎవరో చెప్తే వచ్చినవాళ్లకి చె. పోయిన నెల ఆ పేజీలు తిప్పి చూపించింది, చె అన్న అక్షరం ఇ తో దాదాపు సమానంగా ఉంది. ఇప్పుడు ప్రతి పార్సిల్‌లోనూ "మీ స్నేహితురాలికి చూపించండి" అని చేత్తో రాసిన చిన్న చీటీ పెడుతోంది.