పాత్‌ఫైండర్‌లో దెబ్బ పెంచే మెటామ్యాజిక్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

2009లో వచ్చిన పాత్‌ఫైండర్ అనే టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆట మొదటి ఎడిషన్‌నే మా గ్రూప్ ఇప్పటికీ ఆడుతోంది. అందులో ఎక్కువగా విజార్డ్‌గా (మంత్రాలు ముందే సిద్ధం చేసుకునే మాంత్రికుడు), మధ్యలో కొంతకాలం సోర్సరర్‌గా (వచ్చిన మంత్రాలను అప్పటికప్పుడు వేసే మాంత్రికుడు) ఆడాను. పాత్రకు ఎంచుకునే ప్రత్యేక నైపుణ్యాలు ఫీట్లు, వాటిలో మంత్రాన్ని మార్చేవే మెటామ్యాజిక్. మంత్రాల దెబ్బ పెంచే ఫీట్లలో ఒక్కదానికే చోటుంటే ఎంపవర్ స్పెల్ తీసుకోండి.

డైస్ మీద పడిన మొత్తాన్ని ఎంపవర్ ఒకటిన్నర రెట్లు చేస్తుంది. బదులుగా మంత్రానికి రెండు లెవెళ్లు పై స్లాట్ (రోజుకు ఇన్నేసి చొప్పున దొరికే, మంత్రం వేసే అవకాశం) ఖర్చవుతుంది. మంత్రాలకూ స్లాట్లకూ పాత్ర లెవెల్ కాకుండా వేరే లెవెళ్లుంటాయి. పదో లెవెల్ విజార్డ్ వేసే మూడో లెవెల్ మంత్రం ఫైర్‌బాల్ దెబ్బ 10 డీ6 (పది ఆరు ముఖాల డైస్), అంటే సగటున 35. ఎంపవర్ చేస్తే ఐదో లెవెల్ స్లాట్‌లో సగటు 52 దాటుతుంది. అదే స్లాట్‌లో ఐదో లెవెల్ మంత్రం కోన్ ఆఫ్ కోల్డ్ వేస్తే ఆ దశలో వచ్చేది మళ్లీ 35యే. పదిహేనో లెవెల్‌కి గానీ అది దీన్ని అందుకోదు.

అయితే పెద్ద స్లాట్ వాడినంత మాత్రాన సేవ్ డీసీ (దెబ్బ తగ్గించుకోడానికి, అంటే సేవ్ చేయడానికి, శత్రువు డైస్‌తో అందుకోవాల్సిన అంకె) పెరగదు. లెక్కలో ఫైర్‌బాల్ ఇంకా మూడో లెవెల్ మంత్రమే కాబట్టి, కోన్ ఆఫ్ కోల్డ్ కంటే దీని డీసీ రెండు తక్కువ. చురుకైన శత్రువుల మీద ఆ రెండు పాయింట్ల తేడా బాగా తెలుస్తుంది. ఇవేషన్ (దెబ్బను పూర్తిగా తప్పించుకునే సామర్థ్యం) ఉన్న రోగ్, అంటే దొంగ తరహా పాత్ర, సేవ్ చేశాడంటే ఒక్క పాయింటు కూడా తగలదు. అలాంటివాళ్ల మీద నేను మొదటి లెవెల్ మంత్రం మ్యాజిక్ మిసైల్‌నే ఎంపవర్ చేస్తాను. దానికి సేవ్ లేదు, గురి తప్పదు. తొమ్మిదో లెవెల్‌లో ఐదు మిసైళ్లకు సగటు 17.5 ఉంటే, ఎంపవర్ చేశాక మూడో లెవెల్ స్లాట్‌లో 26 దాకా వెళ్తుంది. చూడ్డానికి చిన్న అంకె, కానీ పోరులో ఎంత నమ్మకంగా పనిచేస్తుందో!

మాగ్జిమైజ్ అనే ఫీట్ మీద కొత్తవాళ్లకు మోజెక్కువ. ప్రతి డైస్‌కీ ఆరు పడినట్టే అంటే ఎవరికి ఆశ పుట్టదు? కానీ అది మూడు లెవెళ్లు అడుగుతుంది. ఫైర్‌బాల్‌కి ఆరో లెవెల్ స్లాట్ పోసి 60 తెచ్చుకుంటాం. అదే స్లాట్‌లో ఇంటెన్సిఫైడ్ అనే మరో ఫీట్, ఎంపవర్ రెండూ కలిపి ఫైర్‌బాల్‌కి పెట్టొచ్చు. ఇంటెన్సిఫైడ్ ఒక్క లెవెలే పెంచి, డైస్ పరిమితిని పది నుంచి పదిహేనుకు తీసుకెళ్తుంది. పన్నెండో లెవెల్‌కే ఈ జోడీ సగటు 63, పదిహేనుకి దాదాపు 79. పదకొండో లెవెల్‌లో మాత్రం మాగ్జిమైజే మెరుగు, కాదనను.

సోర్సరర్లకు ఇంకో ఇబ్బంది. ముందే సిద్ధం చేసుకోకుండా అప్పటికప్పుడు మెటామ్యాజిక్ కలిపే సౌకర్యం వాళ్లది, కానీ ఆ మంత్రం వేయడానికి ఫుల్ రౌండ్, అంటే మన వంతు మొత్తం పడుతుంది. అడుగు పక్కకు వేయడం తప్ప కదలలేం. ఓగ్ర్ లాంటి రాక్షసుడు మీదికొస్తున్నప్పుడు ఆ టెన్షన్ మామూలుగా ఉండదు.

ఎంపవర్ పనే చేసిపెట్టే మంత్రదండం, లెస్సర్ ఎంపవర్ రాడ్, ధర ఆటలో 9,000 బంగారు నాణేలు. రోజుకు మూడుసార్లు, మూడో లెవెల్ దాకా ఉన్న మంత్రాలకు స్లాట్ పెంచకుండానే పనిచేస్తుంది. ఫైర్‌బాల్ వేసే విజార్డ్‌కి డబ్బు చేతికి రాగానే కొనమని చెప్పేది ఇదే. ఇది కొన్నాక కూడా ఫీట్ వృథా పోదు, ఈ రాడ్ పనిచేయని నాలుగో లెవెల్ మంత్రాలకూ ఆ పైవాటికీ అది అక్కరకొస్తుంది.