పాతిక టన్నుల ప్రెస్సుతో నాలుగేళ్లు

కాగిన ఇనుమును నూనె ఒత్తిడితో నొక్కే హైడ్రాలిక్ ప్రెస్సు కొనాలనుకునేవాళ్లు మా కత్తుల పని చూడ్డానికి వస్తే ముందుగా అడిగేది ఒకటే: "ఎన్ని టన్నులు?" నాలుగేళ్ల కిందట నేనూ అదే అడిగి కొన్నాను. అడగాల్సింది అది కాదని తెలియడానికి ఏడాది పట్టింది.

మాది ధర్మాబాద్. జిల్లా నాందేడ్, రాష్ట్రం మహారాష్ట్ర, కానీ రైలెక్కితే కాసేపట్లో బాసర. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ. తాత, బాపు కొడవళ్లు, గొడ్డళ్లు, చెరకు కొట్టే కోయతాలు చేసి బతికారు. నేను ఏడేళ్ల నుంచి పొరల డమాస్కస్ కత్తులు, అంటే రెండు రకాల ఉక్కు రేకులు అతికించి చారలు కనిపించేలా చేసే కత్తులు, చేస్తున్నాను. ఎక్కువగా వంటింటి కత్తులు. నాందేడ్ గురుద్వారా చుట్టుపక్కల దుకాణాలకు సిక్కులు ధరించే చిన్న కిర్పాన్లు కొన్ని. కిర్పాన్ల అలుగు తొమ్మిది అంగుళాలు దాటనివ్వను. దాటినా, వెడల్పు రెండు అంగుళాలకు మించినా ఆయుధ చట్టం కిందికి వస్తుంది. ఇంటి పనికీ పొలం పనికీ చేసినవాటికి మినహాయింపు ఉంది.

మొదటి మూడేళ్లు సమ్మెటే. మూడు మిల్లీమీటర్ల రేకులు పదిహేను పేర్చేవాణ్ణి: ఎనిమిది ఈఎన్42 రకం ఉక్కువి, ఏడు 15ఎన్20 రకానివి. ఈ రెండోదాంట్లో సుమారు రెండు శాతం నికెల్ ఉంటుంది. యాసిడ్‌లో ముంచినా తెల్లగా మెరిసేది అదే, మొదటిది నల్లబడుతుంది. పేర్చిన దిమ్మ ఒకటిన్నర కిలోలు తూగేది. కొలిమిలోంచి తీసి, కొట్టి, మళ్లీ లోపల పెట్టేదాకా మేం ఒక కాక అంటాం. ఆ దిమ్మను పన్నెండు మిల్లీమీటర్ల మందానికి సాగదీయడానికి పాతిక నుంచి ముప్పై కాకలు పట్టేవి. నేను పట్టకారు పట్టుకుంటే బాపు సమ్మెట వేసేవాడు. అరవై రెండేళ్ల మనిషి. ఒకరోజు మధ్యాహ్నం సమ్మెట దించి, "ఇగ నాతోని కాదు బిడ్డా" అన్నాడు. అంతకుముందు ఆయన నోట ఆ మాట నేను వినలేదు.

మోటారుతో కొట్టే పవర్ హ్యామర్ కొందామని చాలా అనుకున్నాం. సాగదీసే పనికి దాన్ని మించింది లేదు, ఇప్పటికీ అదే అంటాను. కానీ మాది ఇళ్ల మధ్య సందు. పక్కింట్లో పసిపిల్ల, ఎదురింట్లో గుండె ఆపరేషన్ అయిన పెద్దాయన. హ్యామర్‌కు కాంక్రీటు పునాది కావాలి, పైగా దెబ్బ దెబ్బకీ గోడలు అదురుతాయి. ప్రెస్సుకు ఆ గొడవ లేదు, మోటారు హోరు తప్ప చప్పుడుండదు. నిజామాబాద్‌లో హైడ్రాలిక్ పనులు చేసే ఒకాయన దగ్గర చేయించాను. రెండు లక్షల పది వేలయ్యింది.

సిలిండరు లోపలి వ్యాసం 125 మిల్లీమీటర్లు, ఒత్తిడి 200 బార్. లెక్క వేస్తే సరిగ్గా పాతిక టన్నులు. ఆ సంఖ్య చూసి మురిసిపోయాను. పంపు మాత్రం ఒకటే, మోటారు ఐదు హెచ్‌పీ. ఆ మోటారు ఆ ఒత్తిడి దగ్గర నిమిషానికి తొమ్మిది లీటర్ల నూనెకు మించి తోయలేదు. అంటే రామ్, సిలిండరులోంచి దిగి నొక్కే కడ్డీ, సెకనుకు పన్నెండు, పదమూడు మిల్లీమీటర్లే దిగుతుంది. ఇనుమును నొక్కే పై దిమ్మనూ కింది దిమ్మనూ డైలు అంటాం. పసుపు రంగులో మెరిసే బిల్లెట్, అంటే పేర్చిన రేకుల దిమ్మ, కింది డై మీద పెడితే, పై డై వచ్చి తాకడానికే ఐదు సెకన్లు. ఈలోపు కింది డై వేడి గుంజుకుంటుంది. నొక్కడం మొదలయ్యేసరికి అడుగు ముఖం నారింజ రంగుకు దిగిపోయేది. పైకి మెత్తగా, అడుగున గట్టిగా ఉన్న దిమ్మను నొక్కితే పొరలు సమంగా సాగవు. అంచులు పగులుతాయి. మొదటి ఏడాది నేను పారేసిన దిమ్మల్లో సగం ఇలా పోయినవే.

బాపు నెల రోజులు గమ్మున చూసి ఒక మాటన్నాడు: "అది ఇనుమును కొడతలేదురా, పిసుకుతున్నది. పిసికేదైనా జల్దీ పిసకాలె."

ఏడాది తర్వాత రెండు దశల పంపు వేయించాను, మోటారు ఏడున్నర హెచ్‌పీకి మార్చాను. మరో 48 వేలు. ఇందులో రెండు పంపులు కలిసి నిమిషానికి నలభై లీటర్లు తోస్తాయి కాబట్టి రామ్ సెకనుకు యాభై మిల్లీమీటర్లకు పైగా దిగుతుంది. ఇనుము తగిలి ఒత్తిడి పెరగ్గానే పెద్ద పంపు నూనె దానంతటదే టాంకుకు మళ్లిపోతుంది, చిన్న పంపు ఒక్కటే 200 బార్ దాకా నెడుతుంది. టన్నులు అవే పాతిక, కానీ ఇది వేరే యంత్రం అనిపించింది. ముప్పై కాకల పని ఏడెనిమిదికి వచ్చింది. మొదటే ఇలా చేయించమని నాకెవరూ చెప్పలేదు. చేసిచ్చినాయన టన్నుల సంగతి తప్ప వేరే ఎత్తలేదు.

ప్రెస్సు అసలు గొప్పదనం రేకులు ఒకదానికొకటి అతికే అతుకు దగ్గర. వెలిగారం చల్లి, కొలిమిలో 1200 డిగ్రీలు దాటించి, దిమ్మ లేత పసుపుకు వచ్చి, కరిగిన వెలిగారం పైన నూనెలా కదులుతున్నప్పుడు తీస్తాం. సమ్మెటతో అయితే మొదటి దెబ్బ నిదానంగా, నడిమి నుంచి అంచులకు. ఒక్క దెబ్బ వంకరగా పడితే పేర్చిన రేకులు పక్కకు జారిపోతాయి. ప్రెస్సులో దిమ్మ మొత్తం ఒకేసారి సమంగా నొక్కుకుపోతుంది. కరిగిన వెలిగారం, దాంతోపాటు మడ్డి, నలుపక్కలా చిమ్ముకుంటూ బయటికొస్తాయి. ఆ చిమ్ముడు కోసమే తోలు ఏప్రాన్, మొహానికి షీల్డు. చెప్పులతో ఈ పని చేసేవాళ్లను చూశాను, నాకు చెప్పాలని ఉంటుంది, చెప్పను. ఆ మొదటి నొక్కుడులో ఆశ పడి ఎక్కువ దించకూడదు. రెండు మూడు మిల్లీమీటర్లు చాలు. మళ్లీ కాక, మళ్లీ కొంచెం. అతుకు గట్టిపడ్డాకే సాగదీయాలి.

ఇక్కడే ఒక లోపం కూడా ఉంది. సుత్తి దెబ్బకు పైన కట్టిన పొలుసు ఎగిరిపోతుంది. ప్రెస్సు దాన్ని ఎగరగొట్టదు, లోపలికే అదుముతుంది. మొదట్లో సాన పట్టాక అలుగంతా గుంతలు కనిపించి తల పట్టుకున్నాను. ఇప్పుడు కాక కాకకూ వైరు బ్రష్షుతో రెండు వైపులా తోమి గానీ డై కింద పెట్టను. చివరి రెండు కాకలు దాగలి మీద సుత్తితోనే. ఆ పని బాపు వేరేవాళ్లకు ఇవ్వడు.

డైల గురించి. మొదటి జత మెత్తటి మైల్డ్ స్టీలు, ఆర్నెల్లలో అంచులు పుట్టగొడుగులా వాలిపోయాయి. తర్వాత ఈఎన్8 రకం ఉక్కుతో చేయించినవి ఇప్పటికీ ఉన్నాయి. మూడు జతలు సరిపోతాయి: చదునువి, సాగదీయడానికి కొంచెం గుండ్రంగా ఉన్నవి, మెట్ల నమూనా వేసేవి. డైల మధ్య స్టాపర్ దిమ్మలు పెట్టుకోవడం మరచిపోవద్దు, లేకపోతే కన్నుమూసి తెరిచేలోపు అరంగుళం ఉండాల్సింది పావంగుళం అవుతుంది. దిమ్మ ఎత్తు వెడల్పుకు రెండింతలు దాటితే అస్సలు నిలబెట్టి నొక్కొద్దు, నడుము విరిగినట్టు వంగిపోతుంది.

పదిహేను పొరలను మూడు ముక్కలు చేసి పేరిస్తే నలభై ఐదు, మళ్లీ మూడు చేస్తే నూట ముప్పై ఐదు. కత్తులమ్మేవాళ్లు చెప్పే లెక్క ఇది. ముక్కల పై పొర, కింది పొర రెండూ ఒకే ఉక్కు కాబట్టి కలిసే చోట రెండు పొరలు ఒకటైపోతాయి. నిజానికి 43, తర్వాత 127. ఎవరూ లెక్కపెట్టరు, నాకు మాత్రం నూట ముప్పై ఐదు అనడానికి నోరు రాదు. మెట్ల డైతో అడ్డంగా నొక్కి, లేచిన బుడిపెలను సాన పట్టి చదును చేస్తే, లోపలి పొరలు అడ్డంగా తెగి చెరువు గట్టు మీంచి చూసిన అలల్లా కనిపిస్తాయి. ముంచే యాసిడ్ ఫెర్రిక్ క్లోరైడు ఒక వంతుకు మూడు వంతుల నీళ్లు, పది నిమిషాల చొప్పున మూడుసార్లు. మధ్యలో సన్న కాగితంతో రుద్దడం. చివర్న చిక్కటి ఇన్‌స్టంట్ కాఫీలో రాత్రంతా నానబెడితే నలుపు ముదురుతుంది. మా ఇంట్లో తాగే కాఫీ కంటే కత్తులు తాగేదే ఎక్కువ.

ఒకసారి సామిల్లు నుంచి పాత రంపం బ్లేడు తెచ్చాను, నికెల్ ఉక్కే అనుకుని. రెండు రోజుల పని అయ్యాక యాసిడ్‌లో ముంచితే కత్తి మొత్తం ఒకే నలుపు. అప్పటి నుంచి ఏ ముక్కైనా ముందు చిన్న తునక ముంచి చూశాకే.

"ఇది అసలైన డమాస్కసేనా?" అని నాందేడ్‌లో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. మా పక్కనే నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో వండిన ఉక్కును పర్షియా వ్యాపారులు కొనుక్కుపోయేవారు. పాతకాలపు డమాస్కస్ కత్తులు అలాంటి ఉక్కుతో చేసినవే, వాటిలో చారలు లోపలి కర్బనం నుంచి వాటంతటవే వస్తాయి. నేను చేసేది పొరలు అతికించిన ఉక్కు. ఈ పద్ధతిని మన కాలంలో మళ్లీ వెలుగులోకి తెచ్చింది అమెరికా కమ్మరి విలియం మోరన్, 1973లో. రెండూ వేర్వేరని చెబితే ఒక్కోసారి బేరం పోతుంది.

ఇక ప్రమాదం సంగతి. ప్రెస్సు వచ్చాక రెండో ఎండాకాలం, మే నెల. బయట 43 డిగ్రీల ఎండ, టాంకులో నూనె 70 దాటింది. ప్రెస్సు చేసినాయన నూనె గొట్టాన్ని కొలిమి వైపు నుంచి వేశాడు, నేనూ పట్టించుకోలేదు. గొట్టం బిగింపు దగ్గర చిన్న చీలిక పడి నూనె పొగమంచులా చిమ్మింది. కొలిమి మంట ఆ పొగను అందుకుంది. మా బామ్మర్ది మెయిన్ స్విచ్ లాగేశాడు కాబట్టి నా కనుబొమలు, గోడ మీది క్యాలెండరు, ఒక చొక్కాతో పోయింది. ఇప్పుడు గొట్టాలన్నీ వెనక నుంచి. కొలిమికీ ప్రెస్సుకూ మధ్య ఇనుప రేకు. ఆపే బటన్ తలుపు పక్కన, పొడి మంటలార్పే సిలిండరు దాని కింద. నూనె ఎక్కడ కారుతుందో వేలితో తడిమి చూడకండి. 200 బార్ దగ్గర సూది మొనంత రంధ్రం లోంచి వచ్చే నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, చెయ్యి తీసేయాల్సిన పరిస్థితి రావచ్చు. అట్ట ముక్క పెట్టి చూడండి.

అప్పటి నుంచి ఎండాకాలం తెల్లవారుజామున ఐదుకు మొదలుపెట్టి పదికి ఆపేస్తాను. టాంకు 60 లీటర్ల నుంచి 90కి పెంచి, ఫ్యాను ఉన్న కూలర్ బిగించాను. 68 నంబరు నూనె, ఏడాదికొకసారి మార్పు. నూనె కారకుండా ఆపే సిలిండరు సీళ్లు నాలుగేళ్లలో మూడుసార్లు పోయాయి. ఒక్కోసారి మూడున్నర వేలు, ఒకరోజు పని. కరెంటు మూడు ఫేజులూ ఉంటేనే పని, ఒక ఫేజు పోతే బిల్లెట్‌ను కొలిమిలోనే పెట్టుకుని టెన్షన్‌తో కూర్చోవాలి. ఒక ఫేజు పోగానే మోటారును ఆపేసే రిలే పెట్టకముందు ఒక మోటారు కాలిపోయింది.

నెలకు నాలుగైదు కత్తులు చేసేవాళ్లకు ఇంత ఖర్చు అక్కర్లేదు, సమ్మెట పట్టే మనిషికి కూలి ఇవ్వడమే చవక. నేను నెలకు పద్దెనిమిది, ఇరవై దాకా చేస్తాను, పెట్టుబడి రావడానికి రెండేళ్ల రెండు నెలలు పట్టింది. మళ్లీ కొనాల్సి వస్తే పదహారు టన్నులదైనా సరే రెండు దశల పంపుతో తీసుకుంటాను. కాలి పెడల్‌తో నడిచేదే కావాలంటాను, రెండు చేతులూ పట్టకారుకు ఉంటాయి. పెడల్ మీద కాలు తీయగానే రామ్ ఆగేలా ఉండాలి.

బాపు ఇప్పుడు పెడల్ తొక్కుతాడు. కుర్చీ వేసుకుని. దిమ్మ రంగు చూసి "ఇంకొంచెం కాగనియ్" అనేది ఇంకా ఆయనే, అక్కడ మాత్రం నా మాట చెల్లదు. మాళేగావ్ ఖండోబా జాతర లోపు కింది సీలు మార్చాలి, నిన్నటి నుంచి రామ్ మీద సన్నగా తడి కనిపిస్తోంది.