మాలిబు గుడికి వెళ్తే ఆ కొండలు కూడా చూసి రండి

లాస్ ఏంజెలెస్ వైపు వచ్చే తెలుగువాళ్ళు మాలిబు వెంకటేశ్వరస్వామి దర్శనం చేసుకుని, ప్రసాదం తిని వెనక్కి వెళ్ళిపోతుంటారు. మేం ఈసారి అక్కడే బస చేసి, గుడి చుట్టూ ఉన్న శాంటా మోనికా కొండలు చూశాం. మౌంటెన్ లయన్లు (ప్యూమాలు, పిల్లి జాతి పెద్ద మృగాలు; కింద సింహం అన్నది వీటినే) తిరిగే కొండలవి.

ముందు లోయలో ఒక అద్దె ఇల్లు తీసుకున్నాం. ఇల్లు శుభ్రంగా ఉంది, వంటగది విశాలం. కానీ పెరటి గోడ పొడవునా ఎలుకల మందు డబ్బాలే! ఆ మందు తిన్న ఎలుకను కాయోటీ (నక్కలాంటి జంతువు) తింటుంది, కాయోటీని సింహం తింటుంది. లాస్ ఏంజెలెస్ నగరంలోని గ్రిఫిత్ పార్క్‌లో ఉండే పి-22 అనే మగ సింహానికి 2014లో గజ్జి పట్టింది. రక్తం పరీక్షిస్తే ఈ మందే బయటపడింది. బాగా ప్రమాదకరమైన రకాలపై కాలిఫోర్నియాలో 2021 నుంచి ఆంక్షలున్నాయి. మీరు వాడేది ఏ రకమని మెసేజ్ పెడితే ఓనర్ జవాబే ఇవ్వలేదు. ఆ ఇంటికి వెళ్ళమని నేనెవరికీ చెప్పను. తర్వాత అగోరా హిల్స్‌లో ఒక హోటల్‌కి మారాం. గది చిన్నది, రాత్రంతా ఫ్రీవే హోరు. అయినా అదే నయం.

గుడికి దగ్గర్లోనే, కింగ్ జిలెట్ రాంచ్‌లో విజిటర్ సెంటర్ ఉంది. టికెట్ లేదు, రేంజర్లు ఓపిగ్గా మాట్లాడతారు. నేషనల్ పార్క్ సర్వీస్ 2002 నుంచి ఈ సింహాలకు రేడియో కాలర్లు కట్టి గమనిస్తోంది. వాటికి ఉత్తరాన 101 ఫ్రీవే, తూర్పున 405, దక్షిణాన సముద్రం. ఎదిగిన మగపిల్ల సొంత చోటు వెతుక్కుంటూ రోడ్డెక్కితే కార్ల కింద పడుతుంది, ఎక్కకపోతే పెద్ద మగదాని చేతిలో చస్తుంది. బయటి జోడు దొరక్క దగ్గరి రక్తసంబంధంలోనే పిల్లలు పుడుతున్నాయి. దానికి గుర్తుగా 2020లో వంకర తోకలున్న సింహాలు కనిపించాయి. నాకు ఈ మాట వినడమే కష్టమైంది.

లిబర్టీ కాన్యన్ దగ్గర 101 మీద జంతువుల కోసం కడుతున్న వంతెనను తప్పక చూడండి. కింద 10 వరసల రోడ్డు, రోజుకు 3 లక్షల దాకా వాహనాలు. 2022 ఏప్రిల్‌లో పని మొదలైంది. ఖర్చు దండగ అనేవాళ్ళున్నారు, నేనొప్పుకోను. రోడ్డు వేసింది మనమే కదా.

గ్రిఫిత్ పార్క్‌లో ప్రవేశం ఉచితం. అక్కడి అబ్జర్వేటరీకి కారు కన్నా డాష్ అనే సిటీ బస్సు మేలు, పార్కింగ్ దొరకడం కష్టం. 405, 101 ఫ్రీవేలు రెండూ దాటొచ్చిన పి-22 దాదాపు పదేళ్ళు అక్కడే తోడు లేకుండా బతికింది. గాయాలు, జబ్బులు ముదిరిపోయి, 2022 డిసెంబర్‌లో డాక్టర్లు దానికి నొప్పిలేని మరణం ఇచ్చారు.

సాయంత్రం గుడికి వెళ్ళేవాళ్ళు లాస్ వర్జినెస్ రోడ్డు మీద నెమ్మదిగా నడపండి. ఈ సింహాలు ఎక్కువగా తిరిగేది చీకటి పడ్డాకే.