తద్దినం తిథా, దస్తావేజా? ఒకే పేరున్న తాతముత్తాతలను విడదీయడానికి ఏది మేలు

తాత పేరు మనవడికి పెట్టుకోవడం మన ఇళ్లలో ఆనవాయితీ. వంశవృక్షం రాయడానికి కూర్చున్నవాళ్లకు అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. సుబ్బయ్య కొడుకు రామయ్య, ఆయన కొడుకు సుబ్బయ్య, మళ్లీ ఆయన కొడుకు రామయ్య అనుకోండి. ఒక పాత కాగితంలో 'సుబ్బయ్య కుమారుడు రామయ్య' అని కనిపిస్తే అది తాతా, మనవడా? పేరు కలిసింది, తండ్రి పేరు కలిసింది, ఇంటిపేరూ గోత్రమూ ఎలాగూ ఒకటే. తండ్రి పేరు చూసి మనిషిని గుర్తుపట్టే పద్ధతి ఇక్కడ పనికిరాదు.

చెన్నైలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఈ చిక్కు రెండింతలు. ఇక్కడి బడుల్లో తండ్రి పేరులోని మొదటి అక్షరమే ఇనిషియల్. నెల్లూరులో ఉన్న అన్నదమ్ముడికి ఇంటిపేరు ఇనిషియల్, చెన్నైలో ఉన్నవాడికి నాన్న పేరు ఇనిషియల్. ఒకే మనిషికి రెండు కాగితాల్లో రెండు ఇనిషియల్స్ ఉన్నా ఆశ్చర్యం లేదు. దానికి తోడు తమిళ లిపిలో గ, క రెండిటికీ ఒకటే అక్షరం, బ, ప రెండిటికీ ఒకటే. తమిళంలో రాసిన పత్రం చూసి గంగయ్యో కంగయ్యో తేల్చడం కష్టం.

ఇంత గందరగోళంలోనూ చాలా ఇళ్లలో రెండు ఆధారాలు మిగిలే ఉంటాయి. ఒకటి తద్దినాల్లో, తర్పణాల్లో చెప్పుకునే పేర్లు, తిథులు. రెండోది ట్రంకుపెట్టెలో ఉన్న దస్తావేజులు, లేదా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో వాటి నకళ్లు. రెండిట్లో ఏది మేలు అంటే, ముందు మీకున్న చిక్కు ఏ రకందో చూడాలి.

పినతండ్రి, పెదతండ్రి బిడ్డలకు ఒకే తాత పేరు పెట్టి పెద వెంకయ్య, చిన వెంకయ్య అని పిలుచుకున్న ఇల్లయితే దస్తావేజే మేలు. వాళ్ల తండ్రులు వేరు కాబట్టి కాగితం దగ్గరే తేలిపోతుంది. తాతామనవళ్ల చిక్కయితే మాత్రం నేను ముందు తర్పణం పేర్ల దగ్గరికే వెళ్తాను.

కారణం ఏమిటంటే, తర్పణంలో ఒక్క పేరు కాదు, వరస చెబుతారు. తండ్రి, తాత, ముత్తాత. వసురూపం, రుద్రరూపం, ఆదిత్యరూపం అని మూడు తరాలు. నాన్నగారు చెప్పుకునే మూడు పేర్లూ, అంతకుముందు ఆయన నాన్నగారు చెప్పుకున్న మూడు పేర్లూ పక్కపక్కన రాస్తే మధ్యలో రెండు పేర్లు కలుస్తాయి. అలా ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతే ఏ రామయ్య ఏ మెట్టు మీద ఉన్నాడో స్పష్టంగా కనిపిస్తుంది. తర్పణం విడిచే అలవాటు లేని ఇళ్లలోనూ సంక్రాంతికో, మహాలయ అమావాస్యకో పెద్దలకు పెట్టేటప్పుడు పేర్లు తలుచుకునేవాళ్లుంటే అవే రాసుకోండి.

ఈ వరసలో నాకు అన్నిటికంటే విలువైనవి ఆడవాళ్ల పేర్లు. తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారు. చాలా పాత కాగితాల్లో కనిపించని ఈ పేర్లు ఇక్కడ మిగిలాయి. మగవాళ్ల పేర్లు తరం విడిచి తరం తిరిగొస్తాయి కానీ, నాయనమ్మ పేరు పెట్టుకున్న ఆడపిల్ల పెళ్లయి వేరే ఇంటికి వెళ్లిపోతుంది. అందుకే కోడళ్ల వరసలో పాత పేరు మళ్లీ రావడం తక్కువ. 'లక్ష్మమ్మ భర్త రామయ్య' అంటే సాధారణంగా ఒక్కరే.

మేనరికం ఉన్నచోట మాత్రం ఈ సూత్రం తలకిందులవుతుంది. రామయ్య, లక్ష్మమ్మల కూతురు తన బిడ్డకు అమ్మ పేరే పెట్టుకుంది. కొడుకు వైపు మనవడికి తాత పేరు వచ్చింది. మేనత్త కూతురని ఆ పిల్లను ఈ పిల్లవాడికి చేశారు. ఇప్పుడు రెండు తరాల తర్వాత అదే ఇంట్లో మళ్లీ రామయ్య, లక్ష్మమ్మ దంపతులు. మన వైపు మేనరికాలు ఎన్ని జరిగాయో తెలిసిందే కదా. దంపతుల పేర్లు కలిశాయి కాబట్టి ఒక్కరే అనుకుని తాతనూ మనవడినీ ఒకే గడిలో రాస్తే రెండు తరాలు మాయమైపోతాయి.

అప్పుడు తిథి ఆదుకుంటుంది. ఇద్దరు రామయ్యలకూ తద్దినాలు సాధారణంగా వేరు వేరు రోజుల్లో వస్తాయి. ఒకరిది కార్తీక బహుళ పంచమి, ఇంకొకరిది మాఘ శుద్ధ దశమి అని ఇంట్లో గుర్తుంటే మనుషులు ఇద్దరని తేలినట్టే. అయితే తిథికి ఏడాది ఉండదు. సంవత్సరం పేరు రాసి ఉన్నా అది అరవై ఏళ్లకోసారి తిరిగొస్తుంది. ప్రభవ అంటే 1867 కావచ్చు, 1927 కావచ్చు, 1987 కావచ్చు. తాతకూ మనవడికీ మధ్య దూరం కూడా దాదాపు అంతే ఉంటుంది కాబట్టి సరిగ్గా మనకు కావలసిన చోటే అది మోసం చేస్తుంది. వారం కూడా రాసి ఉంటే అదృష్టం. ఆ తిథి ఏ ప్రభవలో ఆ వారం నాడు పడిందో పాత పంచాంగంతో సరిచూసుకోవచ్చు.

చెన్నైవాళ్లు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. తమిళులకూ మనకూ సంవత్సరాల పేర్లు అవే, నెలల లెక్క వేరు. వాళ్లది సౌరమానం, మనది చాంద్రమానం. వాళ్ల కార్తీక మాసం నవంబర్ మధ్యలో మొదలవుతుంది. మన ఉగాదికీ వాళ్ల ఏప్రిల్ 14కీ మధ్య రోజుల్లో జరిగినదానికి తెలుగు ఇంట్లో కొత్త సంవత్సరం పేరు, తమిళ పత్రంలో పాత పేరు ఉంటుంది. రెండూ నిజమే. అది చూసి ఇద్దరు మనుషులనుకోకండి.

ఇక దస్తావేజు. దాని బలం ఏడాది, ఊరు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం మనిషి వివరాల్లో తండ్రి పేరుతో పాటు నివాసం, వృత్తి కూడా వస్తాయి. ఇద్దరు రామయ్యలూ సుబ్బయ్య కొడుకులే అయినా ఒకరు తిరుత్తణి దగ్గర వ్యవసాయం, ఇంకొకరు జార్జ్‌టౌన్‌లో వర్తకం అని ఉంటే పని సగం అయినట్టే. మిగతా సగం హద్దుల్లో ఉంటుంది. తూర్పు ఫలానావారి ఇల్లు, ఉత్తరం ఫలానావారి దొడ్డి అని రాసి ఉన్న పొరుగువాళ్ల పేర్లు చాలా పనికొస్తాయి. రెండు పత్రాల్లోనూ పొరుగువాళ్లు ఒకరే అయితే ఆ రెండు పత్రాలూ దాదాపు ఒకే కాలానివి. పొరుగువాళ్ల కొడుకుల పేర్లు వచ్చాయంటే తరం మారింది.

అన్నిటికంటే మంచిది పారీఖత్తు, అంటే ఆస్తి పంపకాల పత్రం. ఆస్తి పంచుకున్న అన్నదమ్ములందరి పేర్లూ, మైనర్లుంటే వాళ్ల తరఫున ఎవరు సంతకం పెట్టారో అందులో ఉంటుంది. తర్వాత వీలునామా. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో స్థిరాస్తి పత్రాలు ఎక్కించే ఒకటో పుస్తకాన్ని ఫీజు కట్టి ఎవరైనా చూడవచ్చు. వీలునామాలు ఎక్కించే మూడో పుస్తకం నకలు మాత్రం రాసిన వ్యక్తి బతికున్నంతకాలం ఇతరులకు ఇవ్వరు, పోయాక అడిగినవాళ్లకు ఇస్తారు. ముత్తాత వీలునామా రిజిస్టరై ఉంటే అడగడానికి మీకు హక్కుంది, మొహమాటపడకండి. సంతకాలు పోల్చాలనుకుంటే మాత్రం ఇంట్లో ఉన్న అసలు పత్రమే కావాలి. ఆఫీసు పాత పుస్తకాల్లో ఉన్నది గుమాస్తా చేత్తో రాసిన ప్రతి.

దస్తావేజుతో పెద్ద ఇబ్బంది అది ఎక్కడుందో వెతకడం. తిరుత్తణి వైపు నుంచి నగరానికి వచ్చిన కుటుంబాన్నే తీసుకోండి. 1911కి ముందు ఆ ఊరు ఉత్తర ఆర్కాడు జిల్లా. తర్వాత చిత్తూరు. 1953లో చిత్తూరుతో పాటు ఆంధ్ర రాష్ట్రంలోకి వెళ్లింది. 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రానికి మారి చెంగల్పట్టు జిల్లాలో చేరింది, 1997 నుంచి తిరువళ్లూరు జిల్లా. ఊరు కదల్లేదు, జిల్లా మాత్రం మారుతూ వచ్చింది. ఒక పత్రంలో చిత్తూరు జిల్లా రామయ్య, ఇంకొకదానిలో చెంగల్పట్టు జిల్లా రామయ్య అని ఉంటే వేర్వేరు మనుషులని తేల్చేయకుండా ముందు పత్రం తేదీ చూడండి.

డీఎన్‌ఏ పరీక్ష గురించి కూడా అడుగుతుంటారు. బతికున్న ఇద్దరు దాయాదులు ఔనో కాదో అది చెప్పగలదు. కాగితంలో ఉన్నది తాతా మనవడా అన్న ప్రశ్నకు దాని దగ్గర జవాబు లేదు. వంశవృక్షం యాప్‌లు 'ఈ ఇద్దరూ ఒక్కరేనేమో' అని సూచిస్తాయి. మన పేర్ల తీరుకు ఆ సూచన దాదాపు ప్రతిసారీ వస్తుంది. తొందరపడి కలపవద్దని బతిమాలి చెబుతున్నాను. ఒకసారి కలిపేసిన తర్వాత ఏ పిల్లలు ఎవరి పిల్లలో విడదీయడం చాలా శ్రమ.

రెండు ఆధారాలూ పొసగకపోతే? తరాల వరస విషయంలో తర్పణం పేర్లనే నమ్ముతాను, ఏడాది, ఊరు విషయంలో దస్తావేజును. దత్తత జరిగిన ఇంట్లో మాత్రం ముందుగా దస్తావేజు చూడాలి. దత్తు వెళ్లినవాడు పెంచుకున్న ఇంటి వరసనే చెబుతాడు, కన్నతండ్రి పేరు అందులో ఉండదు.

చార్టు గీసేటప్పుడు ఉత్త పేరు రాయకండి. పేరు, భార్య పేరు, తిథి, ఊరు, దొరికితే పత్రం నంబరు, ఏడాది కూడా ఒకే గడిలో పెట్టండి. రెండు ఆధారాలూ కలిసినచోట గీత సిరాతో గీయండి. ఒక్కటే ఉన్నచోట పెన్సిల్‌తో గీసి, ఏది దొరకలేదో పక్కన రాయండి. రేపు మీ మనవడో, మీ దాయాదుల పిల్లలో వెతుకులాట అక్కడి నుంచే మొదలుపెట్టగలరు.