మహమ్మారి వస్తే ఎవరి సాయం మేలు: అంతర్జాతీయ సంస్థదా, స్థానిక సంఘానిదా?

కొత్త జబ్బు ప్రబలినప్పుడు డబ్బివ్వాలనుకునే ప్రతి ఒక్కరికీ ఎదురయ్యే ప్రశ్న ఇది. డాక్టర్లు, మందులు, విమానాలు సమకూర్చుకోగల పెద్ద స్వచ్ఛంద సంస్థకు ఇవ్వాలా, ఆ వీధిలో ప్రతి గడపా తెలిసిన చిన్న సంఘానికి ఇవ్వాలా? నా మొగ్గు చిన్న సంఘం వైపే. అయితే పెద్ద సంస్థలు చేసిన పనిని తక్కువ చేస్తే అన్యాయమవుతుంది.

2014లో పశ్చిమ ఆఫ్రికాలోని గినీ, లైబీరియా, సియెర్రా లియోన్ దేశాల్లో ప్రాణాంతకమైన ఎబోలా వైరస్ వ్యాపించింది. 2016 నాటికి 28,600 మందికి పైగా సోకింది, 11,300 మందికి పైగా చనిపోయారు. పరిస్థితి అదుపు తప్పిందని అంతర్జాతీయ వైద్య స్వచ్ఛంద సంస్థ డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ 2014 జూన్‌లోనే గట్టిగా చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ అత్యవసర పరిస్థితి ప్రకటించింది మాత్రం ఆగస్టు 8న. లైబీరియా రాజధాని మన్రోవియాలో డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ నడిపిన ఎల్వా 3 చికిత్స కేంద్రాన్ని 250 పడకల దాకా పెంచారు. అయినా ఒక దశలో రోజూ ఉదయం అరగంట మాత్రమే గేటు తెరవగలిగారు. రాత్రి చనిపోయినవాళ్ల పడకలు ఖాళీ అయితే అంతమందినే లోపలికి తీసుకున్నారు. అంత ప్రమాదకరమైన వార్డు నడపడం, సిబ్బందికి జబ్బు అంటకుండా చూడడం, ప్రభుత్వాలు వినకపోతే ప్రపంచం ముందు నోరు విప్పడం ఏ చిన్న సంఘానికీ సాధ్యం కాదు. ఇక్కడ పెద్ద సంస్థదే పైచేయి.

అదే ఎబోలా వేళ, వార్డు గోడలు దాటగానే లెక్క మారిపోయింది. 2014 సెప్టెంబర్‌లో గినీలోని వోమే అనే ఊరికి అవగాహన కల్పించడానికి వెళ్లిన బృందంలో 8 మందిని చంపేశారు. వాళ్లలో ఆ దేశపు అధికారులు, ఆరోగ్య సిబ్బంది, విలేకరులు ఉన్నారు. ఊరివాళ్లకు నమ్మకం లేకపోతే సొంత దేశంవాళ్లు కూడా బయటివాళ్లే. అందుకే స్థానికమంటే ఏ దేశంలో రిజిస్టర్ అయిందన్నది కాదు, ఆ ఊరు ఎవరి మాట వింటుందన్నది చూడాలి.

అంత్యక్రియల విషయంలో ఈ తేడా ఇంకా స్పష్టంగా కనిపించింది. ఎబోలాతో చనిపోయినవాళ్ల శరీరంలో వైరస్ ఎక్కువగా ఉంటుంది. శవానికి స్నానం చేయించడం, తాకి వీడ్కోలు చెప్పడం వల్ల జబ్బు పాకింది. మొదట్లో రక్షణ దుస్తుల్లో వచ్చిన బృందాలు శవాన్ని సంచిలో పెట్టి తీసుకెళ్లిపోయేవి. కుటుంబాలకు కడసారి చూపు కూడా దక్కకపోయేసరికి శవాలను దాచి, రహస్యంగా పూడ్చుకున్నారు. జబ్బు ఇంకా పాకింది. ఆ ఏడాది నవంబర్‌లో మతపెద్దలతో కలిసి పద్ధతి మార్చారు: కుటుంబం దగ్గరుండి చూడొచ్చు, ప్రార్థన చేసుకోవచ్చు, శవాన్ని మాత్రం తాకకూడదు. ఈ పనిలో ఎంతో భాగం మోసింది ఆయా దేశాల రెడ్‌క్రాస్ వాలంటీర్లు. దుస్తులు, శిక్షణ, డబ్బు బయటి నుంచి వచ్చాయి. ఇంటి తలుపు తట్టింది మాత్రం ఆ ప్రాంతం మనుషులే. నాకు అన్నిటికన్నా నచ్చిన ఏర్పాటు ఇదే.

కోవిడ్ సమయంలో బంగ్లాదేశ్‌లోని 600 గ్రామాల్లో జరిగిన మాస్కుల అధ్యయనం కూడా ఇలాంటి మాటే చెప్పింది. విదేశీ పరిశోధకులు, స్థానిక స్వచ్ఛంద సంస్థలు కలిసి ఇంటింటికీ ఉచితంగా మాస్కులిచ్చారు. ఊరి పెద్దల చేత చెప్పించారు, బజార్లలో మనుషులు నిలబడి పదేపదే గుర్తుచేశారు. మాస్కు వాడేవాళ్లు 13 శాతం నుంచి 42 శాతానికి పెరిగారు. ఫోన్ మెసేజులు, డబ్బు ప్రోత్సాహకాల వల్ల అదనపు ప్రయోజనం మాత్రం కనిపించలేదు. మనిషే ఎదురుగా నిలబడి చెప్పాలి, అలా నిలబడగలిగేది అక్కడుండేవాళ్లే. 2020లో విమానాలు ఆగిపోయాక బయటి నిపుణులు రాలేకపోయారు కూడా.

డబ్బు మాత్రం ఇంకా పైనే ఆగుతోంది. 2016లో ఇస్తాంబుల్ శిఖరాగ్ర సదస్సులో దాతలు, పెద్ద సంస్థలు ఒక ఒప్పందానికి వచ్చాయి: 2020 కల్లా మానవతా సాయంలో 25 శాతం వీలైనంత నేరుగా స్థానిక సంస్థలకు చేరాలి. ఆ గడువుకు నేరుగా చేరింది దాని దరిదాపుల్లో కూడా లేదు. చట్టాలూ అడ్డుపడతాయి. భారత్ 2020 సెప్టెంబర్‌లో విదేశీ విరాళాలను నియంత్రించే చట్టం ఎఫ్‌సీఆర్ఏను సవరించింది. విదేశీ విరాళం పొందిన సంస్థ ఆ డబ్బును మరో సంస్థకు బదిలీ చేయకూడదంది. మహమ్మారి నడిమధ్యలో, పెద్ద సంస్థ నుంచి చిన్న సంఘానికి విదేశీ నిధులు వెళ్లే దారి దాంతో మూసుకుపోయింది.

చిన్న సంఘాల లోపాలూ నిజమే. తమవాళ్లకే ముందు పంచడం, లెక్కలు సరిగా రాయకపోవడం జరుగుతుంటాయి. సరైన జాగ్రత్త తెలియని వాలంటీర్ ఇంటింటికీ తిరిగితే తనే జబ్బును మోసుకెళ్తాడు. వీటికి మందు శిక్షణ, ఆడిట్, జీతం. డబ్బు ఆపేయడం కాదు.

కాబట్టి ప్రాణాంతకమైన కొత్త వైరస్‌కు చికిత్స కేంద్రం కావాలంటే పెద్ద సంస్థకే ఇవ్వండి. తిండి, క్వారంటైన్‌లో ఉన్నవాళ్ల బాగోగులు, టీకా మీద అనుమానాలు తీర్చడం, అంత్యక్రియల లాంటి పనులకైతే స్థానిక సంఘానికివ్వండి. అదీ జబ్బు రాకముందు నుంచే ఇస్తూ ఉండండి, ఎందుకంటే నమ్మకం ఏళ్ల తరబడి పనిచేస్తేనే వస్తుంది. పెద్ద సంస్థకు ఇస్తున్నా ఒక్క మాట అడగండి: ఇందులో ఎంత భాగం స్థానిక సంఘానికి వెళ్తుంది, ఊళ్లో తిరిగే వాలంటీర్‌కు రక్షణ దుస్తులు, బీమా ఎవరిస్తున్నారు? సూటిగా జవాబు చెప్పలేని సంస్థకు నేనైతే ఇవ్వను.